ఆకాశాన్ని చుట్టే దూతలు

దైవదూతలను విశ్వసించడం ఈమాన్‌లో భాగం. వారి రూపాలను ఆరాధనాలయపు గోడలపై చిత్రించడం ముస్లిములకు సమ్మతం కాదు. కనుక మధ్యయుగపు ఇటలీ మతచిత్రాలను చూచే ముస్లిం పాఠకుడు తరచుగా రెండింటిలో ఒకటి చేస్తాడు: అనవసరమని ముఖం తిప్పుకుంటాడు, లేదా ‘కళ’ అన్న ఒక్క మాటతో అన్నింటినీ మెచ్చుకుంటాడు. ఈ రెండూ విచారణ అనిపించుకోవు. అదృశ్యమైన సృష్టిని కంటికి చూపబూనిన చిత్రకారుడు ఏమి సాధించాడు, ఏమి పోగొట్టుకున్నాడు అన్నదే అసలు ప్రశ్న.

ఫ్లారెన్సులోని సాంతా త్రినితా చర్చి కోసం 13వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో చిమాబూయే చిత్రించిన పెద్ద పలకపై ఎనిమిదిమంది దూతలు సింహాసనానికి ఇరువైపులా, ఒకరిపై ఒకరుగా నిలిచి ఉంటారు. ముఖాలన్నీ ఇంచుమించు ఒక్కటే, వెనుకనంతా బంగారం. అక్కడ వ్యక్తులు లేరు, సేవ మాత్రమే ఉన్నది.

పాడువా నగరంలోని స్క్రోవెన్యీ ప్రార్థనామందిరంలో జొట్టో 1305 ప్రాంతంలో పూర్తిచేసిన కుడ్యచిత్రాలలో ఈ నిశ్చలత చెదిరిపోయింది. సిలువ నుండి దింపిన దేహం చుట్టూ ఆప్తులు విలపించే ఘట్టంలో, ఆకాశాన చిన్న దూతలు చేతులు చాచి రోదిస్తూ ఉంటారు. ఆ ఘట్టాన్ని దివ్య ఖుర్ఆన్ అంగీకరించదు. ఆ విషయం అటుంచి కేవలం కళాదృష్టితో చూచినా ఒక లోపం దాగదు: రెక్కలు తీసివేస్తే వారు శోకించే మనుషులే. చూపరి గుండె కరుగుతుంది గాని, అతడు చూచినది మానవదుఃఖాన్నే, దైవదూతను కాదు.

అదే మందిరపు పడమటి గోడపై తీర్పుదినపు చిత్రమున్నది. దాని పైభాగాన ఇద్దరు దూతలు ఆకాశాన్ని కాగితపు చుట్టవలె చుట్టివేస్తూ ఉంటారు. ఈ భావానికి మూలం క్రైస్తవుల ప్రకటన గ్రంథంలో ఉన్నది. అయినా సూరా అంబియా 104వ ఆయత్ ఎరిగిన పాఠకుడు ఆ గోడ ముందు ఆగకుండా ఉండలేడు. ఆ దూతలు ఏడవరు, ఎవరినీ ఏడిపించరు. ఆజ్ఞను నెరవేరుస్తూ ఉంటారు, అంతే. సూరా తహ్రీమ్ చెప్పే దూతల గుణం కూడా ఆజ్ఞను జవదాటకపోవడమే. పైగా వారు చుట్టివేసేది చిత్రకారుడు తన చేతితో పూసిన నీలి ఆకాశాన్నే. తన చిత్రం ఒక తెర మాత్రమేనని చిత్రమే ఒప్పుకుంటున్నది.

ముస్లిం లోకంలో దూతల బొమ్మలే లేవనడం కూడా సత్యం కాదు. ఖజ్వీనీ రచించిన ‘అజాయిబుల్ మఖ్లూఖాత్’కు 1280లో వాసిత్ నగరంలో తయారైన వ్రాతప్రతిలో అవి ఉన్నాయి. అయితే అవి చదువరి చేతిలోని పుటలు, ఆరాధకుని ఎదుటి గోడలు కావు. ఈ తేడాను మరువకుండా చూడగలిగినవానికి జొట్టో చిత్రం నుండి గ్రహించవలసినది ఒకటున్నది: దూతకు మనిషి కన్నీరు పెట్టినప్పుడు చిత్రకారుడు దూతను పోగొట్టుకున్నాడు, దూతకు అతని పని అప్పగించినప్పుడు సత్యానికి దగ్గరయ్యాడు.