లేస్తే సెషన్ పోతుంది

కంప్యూటర్ ముందు ఎలా కూర్చోవాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల అవతల ఉన్నదేదైనా, ఇరవై సెకన్లపాటు చూడమని అమెరికా కంటి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ 1990లలోనే చెప్పాడు. గంటకోసారి లేవమని, నీళ్లు తాగమని, నడుం వాల్చేయొద్దని అందరూ చెబుతూనే ఉన్నారు. ఇవన్నీ గుర్తుచేసే చిన్న వెబ్ యాప్ ఒకటి అనంతపురం నెట్ సెంటర్ల కోసం రాద్దామని కూర్చున్నాను. సలహాలు ఒక పేజీలో అయిపోయాయి. వాటిని ఎప్పుడు చెప్పాలన్నదే తెమల్లేదు.

బ్రౌజర్‌లో టైమర్ పెట్టడం సులువే అనిపిస్తుంది. కానీ మనం వేరే ట్యాబ్‌లోకి వెళ్లగానే బ్రౌజర్ ఈ పేజీని పడుకోబెడుతుంది. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి, ఐదు నిమిషాలకు మించి మరుగున పడిన ట్యాబ్‌లో టైమర్లు చాలావరకు నిమిషానికి ఒక్కసారే మేలుకుంటాయి. అందుకని సెకన్లు లెక్కపెట్టుకుంటూ పోతే కుదరదు. మొదలైన సమయం రాసిపెట్టుకుని, మేలుకున్నప్పుడల్లా ఎంతసేపైందో కూడుకోవాలి. ఆ రాత కంప్యూటర్‌లోనే ఉండాలి, కరెంటు పోయి వచ్చినా చెదరకూడదు. మా ఊళ్లో విండోస్ 7 కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయి. వాటికి క్రోమ్ 109తోనే సరి, ఆపై వెర్షన్లు రావు. కొత్త హంగులేవీ నమ్ముకోలేం.

వర్క్‌రేవ్ లాంటి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కీబోర్డు, మౌస్ కదలికలను గమనించి మనిషి ఎంతసేపు పనిచేశాడో లెక్కేస్తుంది. మామూలు వెబ్ పేజీకి తన ట్యాబ్ బయట ఏం జరుగుతోందో కనబడదు. కనబడకపోవడమే మంచిది, ఆ కీబోర్డు మీదే ఊరందరి ఆధార్ నంబర్లు పడుతుంటాయి.

గడియారం సరిగ్గా నడవడం మొదలయ్యాక అసలు చిక్కు తెలిసింది. ఎండాకాలం చివర సబ్సిడీ విత్తనకాయల రోజులు. కంప్యూటర్ బల్లకు అవతల చేను పనితో వేలిగీతలు అరిగిపోయిన పెద్దాయన, బొటనవేలు పంచెకు తుడుచుకుని మళ్లీ వేలిముద్ర మిషను మీద పెడుతున్నాడు. ఆయన వెనక వరస గుమ్మం దాటింది. సరిగ్గా అప్పుడే నా యాప్ ‘లేచి నడవండి’ అని మోగితే ఆపరేటర్ ఏం చేస్తాడు? లేచాడా, ‘ఏమప్పా, నా పని కాకుండానే లేస్తాండావే’ అని అవతలనుంచి వస్తుంది. గంట నొక్కి ఆపేస్తాడు. నాలుగైదుసార్లు ఆపాక ట్యాబే మూసేస్తాడు.

ధర్మవరం మగ్గం మీద నాడెలో కండె అయిపోతే నేతగాడి చెయ్యి దానంతటదే ఆగుతుంది. నెట్ సెంటర్ పనిలో అలాంటి ఆగుళ్లు ఎక్కడున్నాయో వెతికాను. చాలానే ఉన్నాయి. ఓటీపీ కోసం చూసే క్షణాలు, ప్రింటర్ గురగురలాడే సమయం, ఒకరు లేచి ఇంకొకరు కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసే వ్యవధి. ఈ చివరిది నాకు పనికొచ్చింది. యాప్‌ను టోకెన్ బోర్డుగా మార్చేశాను. ‘తర్వాత’ అని నొక్కితే కొత్త నంబరు పడుతుంది. అప్పటికి ఇరవై నిమిషాలు దాటి ఉంటే నంబరు కింద ‘రోడ్డు వైపు చూడు’ అని ఇరవై సెకన్లు నిలుస్తుంది. వరస ఆగదు, ఎవరూ విసుక్కోరు.

కళ్ల సంగతికి ఇక్కడ అదనపు కారణం ఉంది. 1993లో జపాన్ వైద్యులు లెక్కగడితే, ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు పడే రెప్ప, తెర చదువుతున్నప్పుడు 7 సార్లే పడింది. మా పొడిగాలికి, మొహం మీదికే తిప్పిపెట్టిన ఫ్యాను తోడైతే ఆ కళ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. దీనికి రోజూ గంట కొట్టడం దండగ. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఒక్కమాట చెబుతుంది, ఫ్యాను పక్కకు తిప్పమని.

నీళ్ల సలహా దగ్గర చాలా తటపటాయించాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. 1990ల మధ్యలో సత్యసాయి పథకం 700కు పైగా ఊళ్లకు పైపులు వేసేదాకా చాలాచోట్ల ఫ్లోరైడ్ నీళ్లే దిక్కు. ఇప్పుడు బల్ల పక్కనే క్యాన్ ఉంటుంది. అయినా ఆపరేటర్లుగా ఉన్న ఆడపిల్లల్లో చాలామంది సాయంత్రం దాకా గొంతు తడుపుకోరు, నెట్ సెంటర్లుండే వరస కొట్లలో బాత్రూమ్ ఉండదు గనక. వాళ్ల తెర మీద ‘నీళ్లు తాగండి’ అని వేయడం వెక్కిరింపే అవుతుంది. ఆ మాట తీసేసి, యజమాని నింపే పేజీలో ఒక ప్రశ్న పెట్టాను: ‘ఇక్కడ పనిచేసేవాళ్లకు బాత్రూమ్ ఎక్కడుంది?’ ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు.

ఇరవై-ఇరవై-ఇరవై సూత్రాన్ని కంప్యూటర్‌తో గుర్తుచేయించి చూసిన పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. గుర్తుచేసినన్నాళ్లూ కళ్ల ఇబ్బంది తగ్గింది, ఆపేసిన వారానికి ఆ మేలు నిలవలేదు. అలవాటు మనిషి బుర్రలో మాత్రమే ఉండదనీ, పని నడిచే తీరులో సగం ఉంటుందనీ నాకు అందులో కనబడింది.

ఆ తీరును నాకంటే ఎక్కువ శాసించేది ఆపరేటర్ రోజంతా తెరిచి ఉంచే దరఖాస్తుల పోర్టల్. కాసేపు చెయ్యి ఆడకపోతే లాగౌట్ చేస్తుంది, నింపిన ఫారం గాలికి పోతుంది. పదిమంది వాడే కంప్యూటర్ కాబట్టి లాగౌట్ అవసరమే. ఫారం పోవడం మాత్రం అవసరం కాదు. డ్రాఫ్టుగా సర్వర్‌లో దాచి, మళ్లీ లాగిన్ కాగానే ఆగినచోట తెరిస్తే చాలు, ఏ ప్రోగ్రామర్‌కూ ఇది కొత్త విద్య కాదు. నా యాప్ తిప్పలుపడి సంపాదించేది ఇరవై సెకన్లు. పోర్టల్ రాసేవాళ్లు తలుచుకుంటే ఆ కుర్చీలోని మనిషికి భయం లేకుండా లేచి తిరిగొచ్చే ఐదు నిమిషాలు ఇవ్వగలరు.