నరం కనపడాలంటే కొవ్వు తప్పుకోవాలి

బైకు మీంచి ఎగిరి భుజం మీద పడ్డవాళ్లలో కొందరికి ఎముక ఎక్కడా విరగదు, చెయ్యి మాత్రం వేలాడిపోతుంది. వెన్నుపాము నుంచి చేతికి దిగే అయిదు నరాల మూలాలు దెబ్బతిన్నాయన్నమాట. వాటి అల్లికే బ్రేకియల్ ప్లెక్సస్. దారిలో తెగిన నరాన్ని అతకొచ్చు. వెన్నుపాము దగ్గరే ఊడొచ్చిందా, పక్క నరాన్ని మళ్లించి పని చేయించాల్సిందే. ఆపరేషనేదో ఆరు నెలల్లోపు జరిగితే మేలు. అందుకే లోపల ఏమైందో ముందే తెలియాలి.

నరమేమో సన్నం, చుట్టూ కొవ్వు, ఆనుకుని రక్తనాళాలు. ఎమ్మారైలో ద్రవాన్ని తెల్లగా చూపే టీ2 చిత్రాల్లో కొవ్వు కూడా వెలిగి నరాన్ని కప్పేస్తుంది. కొవ్వు సంకేతాన్ని అణిచి, నరంలోని నీటిని పైకి తేవడం ఎలాగో 1993లో ఆరన్ ఫిల్లర్ బృందం లాన్సెట్‌లో చూపించింది. ఎమ్మార్ న్యూరోగ్రఫీ అన్న పేరు అలా నిలిచింది.

కొవ్వును అణచడానికి ముఖ్యమైన దారులు మూడు. కొవ్వు పౌనఃపున్యం మీదే గురిపెట్టి కొట్టే ఫ్యాట్ శాట్‌లో బొమ్మ స్ఫుటంగా వస్తుంది, మోకాలికి బాగుంటుంది. మెడ, భుజాల దగ్గర అయస్కాంత క్షేత్రం సమంగా ఉండదు కాబట్టి అక్కడ గురి తప్పుతుంది. రెండో దారి స్టిర్‌కి ఆ బెడద తక్కువ. కొవ్వు సంకేతం సున్నా దాటే క్షణాన్ని పట్టుకుని బొమ్మ తీస్తుంది. ఒంట్లో లోహపు ప్లేట్లున్నా నెగ్గుకొస్తుంది, కాకపోతే బొమ్మ కాస్త గరుకు. డిక్సన్ పద్ధతి నీటినీ కొవ్వునూ లెక్క కట్టి విడదీస్తుంది. మిషన్లో అది ఉంటే భుజానికి నేను దాన్నే అడుగుతాను, లేకపోతే స్టిర్.

అయితే తెల్లగా కనిపించినంత మాత్రాన నరం దెబ్బతిన్నట్టు కాదు. ప్రధాన అయస్కాంత క్షేత్రానికి దాదాపు 55 డిగ్రీల వాలులో సాగే నరం ఆరోగ్యంగా ఉన్నా తెల్లబడుతుంది. దీన్ని మ్యాజిక్ యాంగిల్ అంటారు. భుజంలోకి ఏటవాలుగా దిగే ఈ నరాలకు ఆ చిక్కు తప్పదు. అందుకే రెండో భుజంతో పోల్చి చూడాలి. నరం ఉబ్బిందా, దాని దారి ఎక్కడైనా తెగిందా అన్నది తెలుపుదనం కంటే గట్టి సాక్ష్యం. ఆ దారిని తేటగా చూపేది పాత టీ1 చిత్రమే. అందులో తెల్లటి కొవ్వు మధ్య నరం బూడిదరంగు తాడులా కనిపిస్తుంది. టైము మిగులుతుందని దాన్ని వదిలేయడం నాకు ససేమిరా నచ్చదు.

వెన్ను కాలువలోపల మూలాలు ఉన్నాయా ఊడాయా తేల్చడానికి పల్చటి పొరల త్రీడీ చిత్రం కావాలి. ఊడిన చోట తరచు నీటి తిత్తి ఏర్పడుతుంది. తిత్తి ఉన్నా మూలం మిగిలి ఉండొచ్చు, తిత్తి లేకుండానే ఊడి ఉండొచ్చు. కాబట్టి మూలపు పోగుల్నే వెతకాలి.

నరం వెంట నీటి కదలికను కొలిచే డిఫ్యూజన్ టెన్సర్ పద్ధతి మీద నాకు ఆశ ఉంది. కానీ ఊపిరి కదలికకే బొమ్మ చెదురుతుంది, అంకెలు మిషన్‌ను బట్టి మారతాయి. ఇప్పటికి అదొక్కటే నమ్మి కత్తి పట్టకూడదు.

నరం చచ్చుబడితే అది నడిపే కండరం కూడా స్టిర్‌లో కొద్ది రోజులకే తెల్లబడుతుంది. భుజం ఎత్తే కండరం, మోచెయ్యి ముడిచే కండరం రెండూ తెల్లగా ఉంటే పై రెండు మూలాల మీదికి అనుమానం పోతుంది. స్కానింగ్ చీటీలో చెయ్యి పనిచేయట్లేదని మాత్రం రాసి పంపితే ఆ కండరాలు బొమ్మలోకే రాకపోవచ్చు. ఏ కదలిక పోయిందో, దెబ్బ ఎప్పుడు తగిలిందో రాస్తే రేడియాలజిస్టు ఎక్కడ చూడాలో అక్కడే చూస్తారు.