ముఖ్బిర్

హంతకుడెవరో తేలగానే మరిచిపోయే బాపతు కాదు, వాల్టర్ మోజ్లీ నవల 'డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్' (1990). 1948 నాటి లాస్ ఏంజిలిస్. యుద్ధం చేసొచ్చిన నల్లవాడు ఈజీ రాలిన్స్‌కి విమానాల ఫ్యాక్టరీలో కొలువు ఊడింది. ఇంటి మీద అప్పుంది. అప్పుడే ఒక తెల్లదొర డబ్బు చూపిస్తాడు. నల్లవాళ్ల క్లబ్బుల్లో తిరిగే డాఫ్నీ మోనే అనే తెల్లపిల్ల ఆచూకీ కావాలి. ఆ గడపలు దొర తొక్కలేడు, ఈజీ తొక్కగలడు. అతని పుట్టుకే దొరకి పనిముట్టు. మా ఉర్దూలో ముఖ్బిర్ అంటాం. బస్తీలో ఏమనుకుంటున్నారో కనుక్కు రమ్మని మనలో ఎందర్ని పంపలేదు?

డాఫ్నీ నిజానికి రూబీ హాంక్స్. నల్లనెత్తురు దాచుకుని తెల్లపిల్లగా బతుకుతోంది. అద్దె ఇంటి కోసం పేరు మింగిన మనవాళ్లకి ఆ భయం కొత్త కాదు. కానీ మోజ్లీ అక్కడ ఆగలేదు. ఈజీకి ఆ పని ఇప్పించిన బారు యజమాని జాపీ నల్లవాడే, స్నేహితుడే. డాఫ్నీ ఆచూకీ తెలిసిన కోరెటాని చంపిందీ అతనే. తెల్లవాడి జులుం గురించి రాస్తూనే సొంత గల్లీ దళారీని వదలకపోవడం ఈ నవల నిజాయితీ. మన కథల్లో జాపీలు అరుదు. ఇంటి గుట్టంటూ దాచేస్తాం. నా ఫిర్యాదల్లా ఒకటే: కోరెటాకి రచయిత ఇచ్చిన పేజీలు బహు తక్కువ.