తుఫాను రాత్రి స్కోరెంత?

అమలాపురం గడియార స్తంభం సెంటర్లో టీ తాగుతూ క్రికెట్ మాట ఎత్తాలంటే నాకు కొంచెం బెరుకు. చుట్టుపక్కల మా లెక్కల మాస్టారు ఉన్నారేమో చూసుకుని గానీ నోరు తెరవను. ఆయన బళ్ళో పాఠం చెప్పడం మానేసి చాలా కాలమైంది గానీ లెక్క అడగడం మానలేదు. ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొట్టాడని ఎవరైనా చెబుతారు. "ఎన్ని బంతుల్లోనోయ్?" అంటారాయన. తెల్లమొహం వేస్తాను. "452. ఫోర్లు 44. నువ్వేం అభిమానివయ్యా!"

ఏం అభిమానినో చెబుతాను. 2001 మార్చి 14. ఫాలో ఆన్ ఆడుతున్న మనవాళ్ళలో లక్ష్మణ్, ద్రవిడ్ పొద్దున్న దిగినవాళ్ళు సాయంత్రం దాకా అవుట్ కాలేదు. నాకు ఇంటర్ పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. పుస్తకం ఒళ్ళో, కళ్ళు టీవీలో. మా పిన్ని ఏదో పనిమీద వచ్చి, గుమ్మంలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. లంచ్ దాటినా వికెట్ పడలేదు. ఇక ఆవిణ్ణి లేవనిస్తే ఒట్టు. "ఒరే, మీ బాబాయికి అన్నం పెట్టాల్రా" అని మొత్తుకుంది. "ఆస్ట్రేలియా వరసగా పదహారు టెస్టులు గెలిచింది పిన్నీ, బాబాయి ఒక్కపూట ఆగలేడా?" అన్నాను. ఆవిడ ఆ గుమ్మంలోనే కూర్చుని, రాత్రికీ మర్నాటికీ కావలసిన కూరలు కూడా తరిగేసింది. ఆ మర్నాడు హర్భజన్ వాళ్ళను చుట్టబెట్టేశాక "నేను కదలకుండా కూర్చోబట్టి కదుటే" అని వీధి వీధంతా చెప్పుకుంది. స్కోరు కార్డు ఎన్నిసార్లు చూసినా ఆవిడ పేరు ఉండదు. నా దృష్టిలో అది అచ్చుతప్పు.

మా ఊరి బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ విషయమే తీసుకోండి. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్‌ని 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో కొలిచి, గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. అంతకుముందు రికార్డు 493. మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌ది, పదేళ్ళు నిలిచింది. అమలాపురం వాణ్ణి కాబట్టి నేనూ పదిమందికి చెప్పుకుని మురిశాను, అబద్ధమెందుకు! కానీ ఆ దెబ్బ కొలవడానికి కొట్టింది. అవతల తీసేవాడు లేడు.

నాకు అతనంటే గుర్తొచ్చేది అంతకు ముందేడు, 2022 మే 15. రాజోలులో పెళ్ళి భోజనాలు. బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. పంక్తిలో నా పక్కాయన మంచినీళ్ళ గ్లాసుకి ఫోను ఆనించి పెట్టాడు. సాత్విక్, అతని జోడీ చిరాగ్ మొదటి గేము ఇండోనేషియా జోడీకి పోగొట్టుకున్నారు. రెండోది పోయింది పోయిందనుకుంటుండగా 23-21. సాంబారు వడ్డించే కుర్రాడు గరిటె గాల్లో పెట్టి మా వెనకే నిలబడిపోయాడు. అవతల పంక్తి వాళ్ళు లేచొచ్చేసి, "జరగండి బాబూ, మాకూ కనపడాలి" అని మా భుజాల మీద వాలారు. మూడో గేము గెలిచేసరికి నా విస్తట్లో పూతరేకు మీద రసం పారింది. ఆ తర్వాత గుంటూరు జిల్లా శ్రీకాంత్ కూడా గెలిచి కప్పు తెచ్చాడు, మనకది మొట్టమొదటి థామస్ కప్పు. ఇప్పటికీ పూతరేకు నోట్లో పెట్టుకుంటే కాస్త రసం వాసన వస్తుంది నాకు.

అసలు లెక్కతో నాకు చిన్నప్పట్నుంచీ పొసగలేదు. ముమ్మిడివరం దగ్గర మేం అప్పుడున్న ఊళ్ళో కొబ్బరి తోటే గ్రౌండు. రాలిన మట్టల్లో అడుగు వెడల్పుగా, మరీ వంపు తిరగకుండా ఉన్నదాన్ని ఏరుకునేవాళ్ళం. పచ్చిగా ఉంటే బరువు. బాగా ఎండితే బంతి తగలగానే పెళుక్కున చీలుతుంది. ఆ రెండిటికీ మధ్య ఉన్న మట్ట చేతికందితే పండగే. పిడి దగ్గర కత్తితో సన్నంగా చెక్కి, అరచేతిలో పీచు గుచ్చుకోకుండా పాత సైకిల్ ట్యూబు చుడితే బ్యాటు తయారు. చెట్లే ఫీల్డర్లు. చెట్టుకి కొట్టుకుని వచ్చిన బంతిని ఒంటిచేత్తో పడితే అవుట్. బోదెలో పడేస్తే అవుట్, ఎందుకంటే బంతి వెతకడానికి పావుగంట. స్కోరు ఇటుక ముక్కతో చెట్టు మొదలు మీద గీసేవాళ్ళం. ఏ ఒక్కరోజూ రెండు జట్ల లెక్కా కలిసిన పాపాన పోలేదు. తొండి, నువ్వు తొండి అంటే నువ్వు తొండి, ఆ తర్వాత ఎవరి బంతి వాళ్ళు పట్టుకుని ఇంటికి పోవడం.

ఆ తోట 1996 నవంబరు 6 రాత్రి పోయింది.

ఆ తుఫాను గురించి కోనసీమలో నా వయసు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. లక్షల చెట్లు నేలకొరిగాయి. కోతకొచ్చిన వరి నీళ్ళలో నానిపోయింది. మాది పెంకుటిల్లు. చీకటి పడేసరికి పెంకులు లేచిపోవడం మొదలెట్టాయి. అందరం ఎదురింటి డాబాలోకి పరిగెత్తాం. మా తాతయ్య ధోవతి తడిసినా ట్రాన్సిస్టర్ తడవకుండా పొట్టకి అదుముకుని తెచ్చారు. నాకు పన్నెండేళ్ళు. అక్కడ ఇరవైమందిమి ఒక్క గదిలో. ఆయనకేమో తుఫాను కబురు కావాలి, నాకేమో స్కోరు కావాలి. "సెల్లులు అయిపోతాయిరా" అని తిడుతూనే ముల్లు తిప్పి కాసేపు నాకూ వినిపించారు. గరగర మధ్యలో శ్రీనాథ్, కుంబ్లే ఆడుతున్నారు. ఎనిమిది వికెట్లు పడిపోయాక ఇద్దరూ నిలబడి ఒక్కో పరుగూ తీస్తున్నారు. బయట చెట్లు విరిగే చప్పుడు. గెలిచేశారు. ఆ గదిలో నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను. మా అమ్మ ఒక్కటి పీకింది.

ఈ కథ నేను పాతికేళ్ళుగా చెబుతున్నాను. మొన్నామధ్య టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళకి మంచి ఊపులో చెబుతుంటే, వెనకనించి గొంతు వినపడింది.

"అది అక్టోబరు 21 కదటోయ్. బెంగుళూరు. ఆస్ట్రేలియా మీద. శ్రీనాథ్, కుంబ్లే విడిపోకుండా 52 కొట్టారు. తుఫాను వచ్చిన రోజు బొంబాయిలో దక్షిణాఫ్రికాతో టైటన్ కప్ ఫైనల్. మనవాళ్ళు ముందు బ్యాటింగు. నువ్వు రాత్రి విన్నదంటూ ఉంటే వాళ్ళ ఇన్నింగ్స్ అయ్యుండాలి."

కుర్రాళ్ళు నవ్వారు. ఇంటికెళ్ళి చూసుకున్నాను. మాస్టారి మాట అక్షరాలా నిజం. రెండు వారాల తేడాతో జరిగిన రెండు సంగతుల్ని నా బుర్ర ఒకే గదిలో పడుకోబెట్టేసింది. ఎందుకంటే ఏం చెప్పను? ఆ రాత్రి ఎవరో ఒకరు వికెట్ పోకుండా నిలబడాల్సి వచ్చింది. శ్రీనాథ్, కుంబ్లే నా దగ్గర ఖాళీగా ఉన్నారు. మరి చప్పట్లు కొట్టిన మాట? దెబ్బ తిన్న మాట? మా అమ్మనడిగితే "కొట్టే ఉంటాన్లే, అప్పుడు రోజూ కొట్టేదాన్ని" అంది. సాక్ష్యం అలా తేలిపోయింది.

ఇలాంటి సమయంలోనే మా అక్క కొడుకు న్యూజెర్సీ నించి ఫోన్ చేశాడు. ఆఫీసు వాళ్ళతో బేస్‌బాల్ చూడ్డానికి వెళ్ళాట్ట. పక్క సీట్లో ఓ పెద్దాయన ఆట మొదలైనప్పట్నుంచీ అట్ట మీద కాగితం పెట్టుకుని పెన్సిల్‌తో ప్రతి బంతికీ ఏదో గుర్తు పెట్టుకుంటున్నాడట. "పెద్ద తెర మీద అంతా కనపడుతోంది కదా మామయ్యా, మళ్ళీ ఈయన రాయడం దేనికి?" అని వాడి ఆశ్చర్యం. అక్కడది పాత అలవాటే. బేస్‌బాల్‌కి స్కోరు రాసే పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి అమెరికా చేరినవాడు, మొదట క్రికెట్ వార్తలు రాసేవాడు. అంటే వాళ్ళ లెక్క పుస్తకం కూడా మన ఇంటినించి వెళ్ళిందే. "ఆయన్నే అడగకపోయావట్రా" అన్నాను. అడిగాట్ట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పాడట. ఇంట్లో పెట్టెలనిండా ఉన్నాయట. తిరిగి తీసి చూస్తారా అంటే లేదన్నాట్ట.

ఆ మాట వినేదాకా మాస్టారి నోటుపుస్తకాల సంగతి నాకు తట్టలేదు. ఆయన మ్యాచ్‌లు రాసి పెడతారని ఊరందరికీ తెలుసు, చూసినవాళ్ళు లేరు. ఆదివారం వెళ్ళాను. "ఏం, తప్పు దిద్దుకోడానికొచ్చావా?" అంటూనే బీరువాలోంచి 1996 పుస్తకం తీశారు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. సగం పేజీలు అంటుకుపోయి, నీళ్ళు తాగి ఎండిన అంచులు అప్పడంలా వంకర్లు తిరిగి ఉన్నాయి. చాలాచోట్ల సిరా పాకిపోయింది. నవంబరు 6 పేజీ మాత్రం వేరే రంగు పెన్నుతో, శుభ్రంగా ఉంది. భారత్ 220కి 7. దక్షిణాఫ్రికా 185 ఆలౌట్. కుంబ్లే 4 వికెట్లు 25 పరుగులకి. గెలుపు 35 పరుగులతో.

దాని కింద ఒక గీత. గీత కింద, ఇన్నింగ్స్ వేసినంత పొందికగా: చెట్లు 92. పడినవి 83. నిలిచినవి 9.

"స్కోరు పేపరొచ్చాక ఎక్కించాను. అది రావడానికి ఎన్ని రోజులు పట్టిందో" అన్నారు. "చెట్లు మాత్రం ఆ పొద్దున్నే లెక్కపెట్టేశాను. రెండుసార్లు పెట్టాను. మీ మాస్టారమ్మగారు లోపలికి రమ్మని కేకలేస్తున్నా, మూడోసారి కూడా పెట్టాను."

నేనేమీ అనలేదు. ఆయన పుస్తకం మూసి బీరువాలో పెట్టి తాళం వేశారు. పెరటివైపు తిరిగి పాలేరుని కేకేశారు.

"ఆ తొమ్మిదిలో రెండు ఇంకా కాస్తున్నాయోయ్. బొండం తాగి వెళ్దువుగాని."