ఆరో సెక్షన్‌లో తెలుగు

దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో తెలుగు పేరు ఉంది. 1996 నాటి రాజ్యాంగం, ఆరో సెక్షన్, అయిదో క్లాజు. ఇలాంటి సంగతి మనవాళ్ళ చేతికి చిక్కితే వెంటనే గర్వించే పోస్టు అయిపోతుంది. గర్వం సంగతి పక్కన పెట్టి, ఆ వాక్యాన్ని వాక్యంగా చదవాలని నాకనిపించింది. పొద్దస్తమానం కోడ్ రివ్యూలు చేసేవాణ్ణి, ఒక లిస్టు కనబడితే దాని మీద ఏ ఫంక్షన్ నడుస్తోందో చూడకుండా ఉండలేను.

ఆ క్లాజు ఒక భాషా మండలిని ఏర్పాటు చేసి, దానికి రెండు రకాల పనులు అప్పజెప్తుంది. అధికార భాషలు (అప్పటికి పదకొండు), ఖోయ్, నామా, సాన్ భాషలు, సైగల భాష: వీటి అభివృద్ధికీ వాడుకకూ తగిన పరిస్థితులు కల్పించాలి. ఇక జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, తెలుగు, ఉర్దూ వంటి భాషల పట్ల గౌరవం ఉండేట్టు చూడాలి. అంటే వాళ్ళకి వాడుక, మనకి గౌరవం. పండక్కి పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి దండేసి, పొలం సంగతి మాత్రం ఆయన నిద్రపోయాక మాట్లాడుకున్నట్టుగా ఉంది నాకు.

అన్యాయం అనను. ఖోయ్, సాన్ భాషలకి వేరే ఊరు లేదు, అక్కడ పోతే పోయినట్టే. తెలుగుకి ఇక్కడ ఇల్లుంది. కానీ అక్కడున్న తెలుగు ఇక్కడి తెలుగేనా అన్నది వేరే ప్రశ్న.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా లక్షా యాభైవేల మందికి పైగా కూలి ఒప్పందాల మీద నేటాల్‌కి వెళ్ళారు. చాలామంది చెరకు తోటలకే. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్ళు ఎక్కువ. అప్పట్లో మా పక్కనున్న పుంగనూరు, ఇంకా కిందనున్న కుప్పం ఆ జిల్లావే. మా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఓడలు ఆగిన 1911లోనే వీటన్నిటినీ కలిపి చిత్తూరు జిల్లా చేశారు. 2022లో మళ్ళీ గీత గీసి మదనపల్లెని అన్నమయ్య జిల్లాలో పెట్టారు, పుంగనూరూ కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. గీతలు ఇలా జరుగుతుంటే మనుషులు ఉన్నచోటే ఉన్నారు. ఓడెక్కినవాళ్ళ విషయంలో జరిగింది తలకిందులు. 1931లో వాళ్ళ వారసులు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, పేరు చివర నాయుడు నిలుపుకున్నారు (స్పెల్లింగులో రెండు 'ఓ'లతో), ఇళ్ళలోకి మాత్రం ఇంగ్లీషు వచ్చేసింది.

కొత్త దక్షిణాఫ్రికా తన స్వేచ్ఛని డిజైన్ చేసుకున్న తీరులో నాకు నచ్చేది, అతుకుల్ని దాచకపోవడం. 1997 నాటి జాతీయగీతాన్నే తీసుకోండి. ఎనాక్ సొంటోంగా 1897లో కట్టిన ప్రార్థననీ, వర్ణవివక్ష ప్రభుత్వం పాడించుకున్న 'డీ స్టెమ్'నీ కలిపి కుట్టారు. అయిదు భాషలు. మధ్యలో శ్రుతి మారుతుంది, మొదలైన శ్రుతిలో ముగియదు. సంగీతంగా చూస్తే నాకది గతుకుల రోడ్డే. 'డీ స్టెమ్' ముక్క తీసెయ్యాలన్న వాదన కూడా ఇంకా నడుస్తోంది.

మన గీతంతో పోల్చకుండా ఎలా? 1919 ఫిబ్రవరిలో టాగోర్ మా ఊరి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే 'జనగణమన'ని ఇంగ్లీషులోకి అనువదించాడు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసింది. అది సాఫీగా సాగే పాట, ఎక్కడా కుట్టు కనబడదు. దక్షిణాది మొత్తం ఒక్క మాటలో ఇమిడిపోతుంది. పాడటానికి హాయిగానే ఉంటుంది గానీ, కుప్పంలో ఉన్నవాడికి ఆ ఒక్క మాటలో మూడు భాషలు వినబడాలి.

గీతం కన్నా వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం గొప్ప పని అనుకుంటాను. జొహానెస్‌బర్గ్‌లో, గాంధీనీ మండేలానీ కూడా బంధించిన పాత జైలు స్థలంలో 2004లో తెరిచారు. విచారణ ఖైదీల బ్లాకుని కూల్చి, ఆ ఇటుకలనే కోర్టు హాలు గోడకి వాడారు. మెట్ల గదులు నాలుగింటిని అలాగే నిలబెట్టారు. హాల్లో అడ్డంగా సాగే కిటికీలోంచి బయట నడిచిపోయేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. నేను చూసింది ఫొటోల్లోనూ వీడియోల్లోనే. అయినా ఆ గోడ నన్ను వదల్లేదు. అక్కడ పాత ఇటుకని గౌరవించి అద్దాల బీరువాలో పెట్టలేదు. గోడ బరువు మోయించారు.

ఆరో సెక్షన్ తెలుగుకి చెయ్యనిది సరిగ్గా ఇదే. ఇక మనమేం చేస్తున్నాం? కుప్పానికి ఒకపక్క కర్ణాటక, ఒకపక్క తమిళనాడు. రాజ్యాంగంలో తమిళం, తెలుగు పక్కపక్కన ఉన్నది ఇంగ్లీషు అక్షర క్రమం వల్ల, కుప్పంలో అయితే పక్కింటివాళ్ళు కావడం వల్ల. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా పెట్టారు. కానీ సరిహద్దు తెలుగు మన పత్రికల్లోకి వచ్చేసరికి దానికీ దొరికేది గౌరవమే. సంభాషణల్లో 'బిన్నా రాబ్బా', 'జాస్తి అయిందిలే' అని మాట్లాడించి, కొటేషన్ మార్కులు మూసిన మరుక్షణం కథకుడు విజయవాడ తెలుగులోకి దిగిపోతాడు. రివ్యూలో మనం 'మాండలికపు సొగసు' అని రాసి దండేస్తాం. ఆ తెలుగు ఆలోచించగలదని, ఒక పేరా బరువు మొయ్యగలదని మాత్రం నమ్మం.

నమ్మినవాళ్ళు లేకపోలేదు. నామిని 'మిట్టూరోడి కతలు' మొత్తం చిత్తూరు మాటలోనే నడిపాడు, కథనంతో సహా. అయితే అది తిరుపతి వైపు మాట. కుప్పం వైపు, తమిళమూ కన్నడమూ కలగలిసిన ఆ తెలుగులో కథకుడే 'బిన్నా' అనే కథ రాసినవాళ్ళుంటే పంపండి. రివ్యూ నేను రాస్తాను, 'సొగసు' అన్న మాట వాడకుండా.