గీతకు ముందు గీకుడు

తోలుబొమ్మను మెచ్చుకునేవాళ్లు సాధారణంగా దాని పెద్ద కళ్లను, కిరీటాన్ని, ఎర్రటి పెదవులను మెచ్చుకుంటారు. ఆ మెప్పు తప్పు కాదు గానీ, అందులో సగం పనికే మర్యాద దక్కుతుంది. నరసరావుపేట ప్రాంతంలో, ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ తెర వెనక తెలుగులో రామాయణం పాడిన కుటుంబాల చేతుల్లో బతికిన ఈ బొమ్మకు అసలైన పనితనం గీత పడకముందే మొదలవుతుంది. మేకతోలును ఎంత శుభ్రంగా, ఎంత సమంగా గీకారన్న దాన్ని బట్టే తర్వాత కుంచె చేసే పనికి విలువ. నల్లరేగడిలో పత్తి, మిరప వేసే రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు: దుక్కి సరిగా లేని చేలో ఎంత మంచి విత్తనమైనా ఏం చేస్తుంది? మనం మాత్రం గీయడాన్ని కళ అనీ, గీకడాన్ని చాకిరీ అనీ విడదీసి కూర్చున్నాం. తోలుబొమ్మ మనకు సరిగా అర్థం కాకపోవడానికి ఈ విభజనే కారణమని నా వాదన.

తోలును వేడినీళ్లలో నానబెట్టి, ఒకవైపు వెంట్రుకలు, రెండోవైపు మాంసపు పొరలు, కొవ్వు పూర్తిగా పోయేదాకా గీకుతారు. ఆపైన బిగలాగి ఎండబెడతారు. చెప్పుల తోలులా పదును చేస్తే అది వెలుతురును ఆపేస్తుంది. పచ్చితోలుగా ఉంచి పలచన చేశారు కాబట్టే దీపపు కాంతి దాన్ని దాటుకొని వస్తుంది. కొవ్వు మిగిలిన చోట రంగు ఇంకదు. మందం మిగిలిన చోట తెర మీద మరకలా కనిపిస్తుంది. మరీ పలచనైతే ఉలి దెబ్బకు చిరుగుతుంది. సీత మెడలోని ఒక్క ముత్యాన్ని దగ్గరగా చూడండి. అక్కడ తెల్లరంగు వేస్తే దీపం ముందు అది నల్లటి చుక్కగా మారుతుంది, తెల్లరంగు కాంతిని అడ్డుకుంటుంది గనక. అందుకే రంగు వేయరు, చిన్న ఉలితో రంధ్రం పొడుస్తారు, వెలుగే ముత్యమవుతుంది. హారమంతా అలా పొడిచాక రంధ్రానికీ రంధ్రానికీ మధ్య మిగిలేది సన్నని తోలు పట్టీ. గీకుడులో హెచ్చుతగ్గులుంటే ఆ పట్టీ నిలవదు, హారం హారంగా ఉండదు.

ఇరుగుపొరుగు సంప్రదాయాలతో పోల్చి చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. ఒడిశా రావణఛాయ, కేరళ తోల్పావకూత్తు కూడా రామాయణాన్నే ఆడతాయి. వాటి బొమ్మలు సంప్రదాయంగా జింకతోలువి. వాటిలోంచి వెలుతురు దూరదు, తెర మీద పడేది నీడ. జావాలోని వయాంగ్ కులిత్ గేదెతోలు బొమ్మలకు మందమైన రంగులు, బంగారు పూత ఎంత సొగసుగా ఉన్నా, తెరకు అవతల కూర్చున్నవారికి కనిపించేది ప్రధానంగా నీడే. నీడకూ తనదైన గాంభీర్యం ఉంది, కాదనను. ఆంధ్రలోనూ, కన్నడిగుల తొగలు గొంబెయాటలోనూ మాత్రం రంగే తెర మీదికి వస్తుంది. కథ ఒకటే, దీపమూ ఒకటే. తేడా తెచ్చింది తోలు తయారీ. రంగును రెండువైపులా ఇంకిస్తారు కాబట్టి బొమ్మను ఎటు తిప్పినా నిండుగా ఉంటుంది, యుద్ధంలో హనుమంతుడు ఒక్కసారిగా వెనక్కి తిరిగినా వెలవెలబోడు.

ఈ సూత్రం మన ఒక్కరిదే కాదు. మధ్యయుగపు ఐరోపాలో తోలుపత్రం మీద రాసేముందు ప్యూమిస్ రాయితో రుద్దేవారు, సిరా పట్టు దొరకాలని. ఇవాళ రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేసేవాళ్లు ఉప్పుకాగితంలా గరుకుపూత ఉన్న కాగితాన్ని వెతుక్కుంటున్నదీ అందుకే. నున్నని కాగితం మీద కొన్ని పొరలు పడేసరికి మైనం పేరుకుని పెన్సిల్ జారిపోతుంది. గరుకు కాగితమైతే పొర మీద పొర పట్టుకుంటుంది, ముదురు రంగు మీద లేత రంగు కూడా నిలుస్తుంది. అక్కడ రంగు పైన అంటుకుంటుంది, మేకతోలులో లోపలికి ఇంకుతుంది. పద్ధతులు వేరైనా, ఎంత రంగు నిలవాలో తేల్చేది గీసే చెయ్యి ఒక్కటే కాదు, గీతను మోసే తలం కూడా.

ఇప్పుడు వాడేవి రసాయన రంగులు కదా, ఇంక సంప్రదాయం ఎక్కడుందని కొందరి ఆక్షేపణ. చెట్ల రంగుల స్థానంలో ఇవి వచ్చిన మాట నిజమే. ఆముదపు దీపం పోయి పెట్రోమాక్సు, అదీ పోయి కరెంటు బల్బు వచ్చాయి. రెపరెపలాడే దీపం బొమ్మకు ఊపిరి పోసినట్టు ఉండేది, ఆ నష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ తోలుకు కావలసింది కాంతిని దాటనిచ్చే రంగు. అది ఏ సీసాలోంచి వచ్చినా గీకుడు మారలేదు. ప్లాస్టిక్ షీటు చవక, వాసన ఉండదు, అది చాలదా అన్న ప్రశ్న ఇంకొంచెం బరువైనది. పిల్లలకు నేర్పడానికి నిక్షేపంగా చాలుతుంది. అయితే ప్లాస్టిక్‌లో రంగు ఇంకదు, వెలుతురు దాన్ని నేరుగా దాటిపోతుంది. తోలులోని పీచు ఆ వెలుతురును పట్టి నలుదిక్కులా చెదరగొడుతుంది, అందుకే బొమ్మ ఒళ్లంతా లోపలినుంచి వెలిగినట్టుంటుంది.

మిగిలింది దీపపు గలేబుల సంగతి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుతో దీపాల గలేబులు చేస్తున్నారు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ ఇంటి అలంకారమైపోయిందని బాధపడేవారి బాధ నాకు అర్థమవుతుంది. పాట పోయింది, కదలిక పోయింది. గీకుడు మాత్రం పోలేదు. వెనక దీపం ఉన్నంతకాలం తోలు సమంగా లేకపోతే ఆ లోపం కొన్నవాడికి రోజూ కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి పనివాడు ఆ విద్యను వదలలేడు. అందుకే ఈ కళకు ఎవరు శిక్షణ శిబిరం పెట్టినా మొదటి వారం కుంచె ముట్టనివ్వకూడదు. నేర్చుకునేవారికి ఒక పచ్చితోలు, ఒక కత్తి ఇచ్చి, గీకిన తోలును దీపానికి అడ్డంగా పట్టి, మందం ఎక్కడెక్కడ మిగిలిందో వాళ్లచేతే చెప్పించాలి.