బంతి తేని కుక్క

'హాచీ: ఎ డాగ్స్ టేల్' (2009) సినిమాలో సంగీతం పాఠాలు చెప్పే ప్రొఫెసర్ పార్కర్ ఎన్నిసార్లు బంతి విసిరినా హాచీ కదలదు. ఆయనే నేలమీద పాకి నేర్పబోయినా పట్టించుకోదు. అకితా జాతి కుక్క యజమాని మెప్పు కోసం పరుగెత్తదనీ, తెచ్చిందంటే దానికేదో గట్టి కారణం ఉంటుందనీ జపాన్ మిత్రుడు కెన్ చెబుతాడు. ఒకరోజు హాచీ బంతి తెచ్చిస్తుంది. పార్కర్ పొంగిపోతాడు. అదే రోజు క్లాసులో పాఠం చెబుతూ కుప్పకూలిపోతాడు.

కుక్క, యజమాని కథలతో వచ్చిన కుటుంబ చిత్రాలన్నిటిలో నాకిది ఉత్తమ పాఠంగా కనిపిస్తుంది. దర్శకుడు లాసే హాల్‌స్ట్రోమ్ కుక్క చేత దుఃఖం నటింపజేయలేదు. అది చేయని పనిని ముందు మనకు అలవాటు చేసి, తర్వాత ఒక్కసారి చేయించాడు. మిగతా బరువంతా ప్రేక్షకుడే మోస్తాడు.

కుక్క నటించదు కూడా. షూటింగులో అది చూసేది శిక్షకుడి చేతినీ, ఆ చేతిలోని తిండినీ. ఆ చూపు పక్కన రైల్వే స్టేషన్ తలుపును అతికిస్తే మనకది ఎదురుచూపు అవుతుంది. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ మనిషి ముఖంతో చేసి చూపిన ఎడిటింగ్ కిటుకు ఇదే. హాచీగా వయసుకు తగ్గట్టు చికో, లేలా, ఫారెస్ట్ అనే మూడు అకితాలు తెరమీదికొచ్చాయి. కెమెరా తరచూ కుక్క కళ్ల ఎత్తుకు దిగుతుంది, రంగులు దాదాపుగా మాయమవుతాయి. నిజానికి కుక్కలకు నీలం, పసుపు రంగులు కనిపిస్తాయి. శాస్త్రం ఒప్పుకోకపోయినా ఆ వెలిసిన లోకం నాకు నచ్చింది. మనుషుల మాటలు వెనక్కి తగ్గి కాళ్లూ, తలుపులూ, చప్పుళ్లూ ముందుకొస్తాయి.

కథకు మూలం టోక్యోలోని షిబుయా స్టేషన్. వ్యవసాయ శాస్త్రం బోధించే ప్రొఫెసర్ హిదెసబురో ఉఎనో 1925 మేలో విశ్వవిద్యాలయంలోనే చనిపోయారు. ఆయన కుక్క హాచీ 1935 మార్చిలో కన్నుమూసేదాకా, దాదాపు పదేళ్లు, ఆ స్టేషన్‌కు వస్తూనే ఉంది. 1934లో ప్రతిష్ఠించిన తన విగ్రహాన్ని అదే స్వయంగా చూసింది. యుద్ధకాలంలో లోహం కోసం దాన్ని కరిగించేస్తే, 1948లో మొదటి శిల్పి కొడుకే మళ్లీ పోతపోశాడు. జపాన్‌లో 1987లో సీజిరో కోయామా ఈ కథను 'హాచికో మోనోగతారి'గా తీశాడు. హాల్‌స్ట్రోమ్ చిత్రానికి ఆధారం అదే.

మన దేశంలో కుక్క సినిమాల సంప్రదాయం చాలాకాలం వేరే దారిలో నడిచింది. 1985 నాటి 'తేరీ మెహర్‌బానియా'లో కుక్క యజమానిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటుంది. అక్కడ కుక్క కథానాయకుడు చేయాల్సిన పని చేసింది, జనం ఈలలు వేశారు. అది తప్పని అనను. కానీ పగ మనిషి సరుకు, దాన్ని కుక్క నోట్లో పెట్టినప్పుడు కుక్క మాయమవుతుంది. 2022లో కిరణ్‌రాజ్ తీసిన కన్నడ '777 చార్లీ' తెలుగులోనూ వచ్చింది. అందులో రక్షిత్ శెట్టి పాత్ర జబ్బుపడిన లాబ్రడార్‌కు మంచు చూపించడానికి దేశమంతా దాటుకుంటూ ఉత్తరాదికి తీసుకెళ్తుంది. పాటలు కాస్త తగ్గితే బాగుండేది. అయినా డబ్బు కోసం దగ్గరి రక్తసంబంధం ఉన్న కుక్కలను జతకట్టించి పిల్లలు పెట్టిస్తే ఆ పిల్లలు ఏమవుతాయో ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా చెప్పినందుకు ఆ దర్శకుడికి నేను కృతజ్ఞుణ్ణి. ముచ్చటపడి కుక్కపిల్లను కొనే ముందు ప్రతి ఇంట్లో చూడాల్సిన సినిమా అది.

'హాచీ'ని పిల్లలకు చూపించాలా, భయపడతారేమోనని తల్లిదండ్రులు అడుగుతుంటారు. చూపించమనే చెబుతాను. పార్కర్ భార్య ఊరొదిలి వెళ్లిపోయి, కొన్నేళ్లకు తిరిగొచ్చి, ముసలిదైపోయిన హాచీని స్టేషన్ దగ్గరే చూస్తుంది. కింద కూర్చుని, వచ్చే రైలు దాకా నేనూ నీతోపాటు ఉండొచ్చా అని అడుగుతుంది. ఆమె దాన్ని ఓదార్చదు, ఇంటికి రమ్మని లాగదు. చావు గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలియని పెద్దలకు ఆ సన్నివేశం పనికొస్తుంది. అక్కడ రిమోట్ నొక్కి ముందుకు జరపకండి.